పేరు పెట్టరాని గోడ

మా అక్క కృపమణికి కాలు ఒకచోట నిలిచేది కాదు. అక్క అంటే తోబుట్టువు కాదు, నా తోడికోడలు. మా ఆయన రెండో అన్న ఏసేపు భార్య. పెళ్ళికి పిలిస్తే పందిట్లో కూర్చోకుండా పెళ్ళివారి పెరటి గోడకు పేడ అలికే రకం మనిషి. "కూర్చో అక్కా, అందరూ చూస్తాండారు" అని కొంగు పట్టి లాగితే, "చూస్తే చూడనీలే, గోడ పెచ్చులు ఊడిపోతాండాది" అనేది. కర్నూలు మిషన్ బడిలో చదువుకొని వచ్చి, మా ఊరి పిల్లలకు అఆలు దిద్దించే నాకు ఆమెను వెంటబెట్టుకొని ఎక్కడికైనా పోవాలంటే ప్రాణం మీదికి వచ్చేది. కానీ గోడ ముందు నిలబడిందంటే ఆమె చేతికి సాటి వచ్చే చెయ్యి కల్లూరు చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఈ మాట నేను ఆమె ముందర ఎప్పుడూ అనలేదు, అంటే ఆ పూటకు అన్నం కూడా వండదని.

ఎర్రమన్ను, సుద్ద, పొయ్యిమసి, బట్టలకు పెట్టే నీలిమందు, ఈతమట్ట చివర దంచి చేసుకున్న కుంచె. వీటితోనే ఆమె పెద్దరైతు ఇంటి ముందు గోడమీద నెమళ్ళను ఆడించింది. ఆ ఇంటి యజమానురాలు హనుమంతమ్మగారు మా పల్లె వాళ్ళను గడప దాటనిచ్చేది కాదు, గోడ దాకా మాత్రం రానిచ్చేది. దారిన పోయే బండ్లవాళ్ళు ఎద్దులను ఆపి మరీ ఆ నెమళ్ళను చూసేవాళ్ళు.

ముప్ఫై ఆరో సంవత్సరం వానాకాలంలో చలిజ్వరం వచ్చి ఏసేపు బావ పోయాడు. అప్పటినుంచి ఆమె తిరుగుడు ఎక్కువైంది. పొద్దున చేనికి పోతుంది, చేను చేరకముందే వెనక్కి వస్తుంది. ఎసరు పెట్టి మా ఇంటికి వస్తుంది, మా ఇంట్లో చేట పట్టుకొని సగం చెరిగి బావికి పోతుంది. నేను విసిగిపోయి ఒకరోజు చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను.

"ఏం వెతుకుతాండావు అక్కా, నాతో చెప్పరాదా?"

"ఆయన మొగం గుర్తుకు రావడంలే చెల్లే" అంది. "మీసం గుర్తుండాది. ముక్కు గుర్తుండాది. నవ్వితే పక్కపన్ను కనపడేది, అదీ గుర్తుండాది. అన్నీ ఒకచోట పెడితే వేరే ఎవరో వస్తాండారు."

మాలో ఫోటో తీయించుకున్నవాళ్ళు ఎవరూ లేరు. మనిషి పోతే మనిషి మొహం కూడా మట్టిలోకే పోవడం మాకు మామూలు. అందరూ ఓర్చుకొనేదాన్ని ఈమె ఓర్చుకోలేకపోయింది. ఇంట్లో గోడమీద బొగ్గుతో గీసి చూసుకుందట. ఎన్నిసార్లు గీసినా బండి తోలే పుల్లయ్య మొహం వచ్చిందని చెప్పి, ఏడవాల్సింది పోయి నవ్వింది.

ఆ గీతలు మా పెద్ద బావ లాజరు కంటబడ్డాయి. అన్నదమ్ములు ముగ్గురిలో పెద్దవాడు, పైగా సంఘ పెద్ద. మంచివాడే, కానీ విగ్రహమనే మాట వింటే చాలు, నిప్పు తొక్కినట్టు ఎగిరేవాడు. "పోయినోళ్ళ బొమ్మలు పెట్టుకొని మొక్కేది మా తాతతోనే పోయింది. మళ్ళీ మొదలుపెడతాండావా?" అని తడిగుడ్డతో తానే తుడిచేశాడు.

క్రిస్మసుకు ముందు ఇంటికొక గంప సున్నం తెచ్చి చర్చికి కొట్టడం మా ఆనవాయితీ. కొట్టేది ఆడవాళ్ళే. మరుసటేడు డిసెంబరు మొదట్లో ఆ పని మొదలైనప్పుడు, పాదిరిగారు నిలబడి ప్రసంగం చెప్పే చోటు వెనక గోడ మొండికేసింది. చౌడు మన్నుతో కట్టిన గోడ. ఎన్ని పూతలు పూసినా ఉప్పు కక్కి సున్నం పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది. రంగులు వేస్తే ఆ మరకలు కలిసిపోతాయి, నాకు అప్పగించండని కృపమణక్క అడిగింది. వేరే దారి లేక లాజరు బావ ఒప్పుకున్నాడు, ఒప్పుకుంటూనే కట్టడి పెట్టాడు.

"పువ్వు వద్దు, పిట్ట వద్దు, దీపం వద్దు. మనిషి అసలే వద్దు."

"సిలువ?"

"బల్లమీద ఉండాది గదా, అది చాలు."

"మరి ఏం వేసేది బావా?"

లాజరు బావ కాస్త ఆలోచించాడు. "పేరు పెట్టేదానికి వచ్చేది ఏదీ ఆ గోడమీద ఉండగూడదు. చూసినోడు ఇది ఫలానాది అనగూడదు. అంతే."

ఇంకొకరైతే దండం పెట్టి ఇంటికి పోయేవాళ్ళు. ఈమె తల ఊపింది. ఇంటికి వస్తూ నాతో, "గుర్తుపట్టేది ఏదీ వద్దంటాండాడు. నాకు గుర్తుపట్టేది ఏముండాది ఇప్పుడు? సరిపోయింది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె అడుగులు ఎంత తొందరగా పడ్డాయంటే నేను పరుగెత్తాల్సి వచ్చింది.

బడి నడిచేది కూడా ఆ చర్చిలోనే. కాబట్టి ఆమె పడిన అవస్థంతా నేను కళ్ళారా చూశాను. పేరు లేనిది గీయడం అంత సులువు కాదని అప్పుడే తెలిసింది నాకు. గుండ్రంగా తిప్పితే కుండ అవుతుంది. అడ్డంగా గీస్తే చెరువు కట్టవ, నిలువుగా గీస్తే మాను. చుక్కలు పెడితే జొన్నగింజలు. ఏదో ఒకటి పూసి వెనక్కి జరిగి, నా పిల్లలను అడిగేది: "ఏముండాది రా ఈడ?" పిల్లలు ఒక్క గొంతుతో "చెంబు" అనేవాళ్ళు. తుడిచేసేది. ఇంకొకటి పూసేది. "కుందేలు" అనేవాళ్ళు. తుడిచేసేది. నా ఎక్కాల చదువు గంగలో కలిసింది. "బడా ఇది, సంతా?" అని నేను కసురుకున్నా ఎవరూ పట్టించుకోలేదు.

తుడిచినప్పుడల్లా కింది రంగు కొంచెం మిగిలిపోయేది. ఎరుపు మీద నలుపు, నలుపులోంచి నీలం, మధ్యలో సుద్ద తెలుపు. మనిషి మాదిరి అయితాండాదని అనిపించినప్పుడు మాత్రం పిల్లలను అడగకుండానే తుడిచేసేది. మాటంటే మాటే ఆమెకు. చివరికి ఒకరోజు ఆమె అడిగితే పిల్లలు గోడను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. కుంచె కడిగేసి ఇంటికి పోయింది.

ఆ ఆదివారం జనం వచ్చి చాపల మీద కూర్చున్నారు, ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. పాట మొదలుకాకముందే పుల్లయ్య పక్కవాడి చెవిలో, "ఎద్దు చూసినావా, పడుకొని ఉండాది" అన్నాడు. అంతే. ఆ ఎద్దు మాట కొమ్మనుంచి కొమ్మకు పాకే తీగలా ఆ వరస మొత్తం పాకింది. ఒకరు వేలుపెట్టి చూపిస్తే చాలు, అప్పటిదాకా లేనిది ఠక్కున కనిపించేది, ఆ తరువాత కనిపించకుండా చేసుకోవడం ఎవరి తరమూ కాలేదు. మా ముసలి గురమ్మ ఎద్దును ఒప్పుకోలేదు. "ఎద్దా నీ తలకాయ. ధాత కరువులో గంజికి నిలబడినోళ్ళు వాళ్ళు. ఆ కొసాన ఉండేది మా అమ్మ" అని కళ్ళు తుడుచుకుంది. అరవై ఏళ్ళ కిందటి ఆ కరువునాటికి ఆమె చంటిపిల్ల. మా ఆయనేమో గోడ ఇంకా పాడైపోయినట్టుంది గదా అన్నాడు. నెలకొకసారి కర్నూలునుంచి వచ్చే మా పాదిరి జ్ఞానరాజుగారు దాన్ని చూసి ఎర్రసముద్రం రెండుగా చీలడం గురించి మధ్యాహ్నం దాకా ప్రసంగించారు.

నాకు తుంగభద్ర ఇసుక కనిపించింది. కర్నూలు బడికి సెలవిచ్చిన సాయంత్రం, ఇక చదివింది చాలని మా నాన్న నన్ను ఆ ఇసుకలో నడిపించుకొని ఇంటికి తీసుకుపోయిన రోజు. ఎవరికీ చెప్పలేదు. గోడ ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదనీ, ఇంటినుంచి మోసుకొచ్చిందే ఎవరికి వాళ్ళం అక్కడ దించుకుంటున్నామనీ అర్థమై, నాకు ఒళ్ళు మండింది. గోడ మీద కాదు, నామీద. ఆ ఇసుకను మరిచిపోయానని అప్పటిదాకా అనుకున్నాను మరి.

అందరికీ ఏదో ఒకటి కనిపించింది, వేసినామెకు తప్ప. "నాకేం కనపడతాది చెల్లే? ఈడ చెంబు ఉండె, తుడిచినా. ఈడ కుందేలు ఉండె, తుడిచినా. తుడిచిందంతా నా చేతికి గుర్తుండాది" అనేది. అలాగని వదిలిపెట్టిందా అంటే, లేదు. గంజి వరసలో గురమ్మకు తల్లి కనపడినప్పుడు తనకు ఏసేపు ఎందుకు కనపడడనే పట్టు పట్టింది. పొద్దున ఒకసారి, ఎండ పడమటికి తిరిగినాక ఒకసారి, చర్చికి పోయి నిలబడేది. చాలక, దారిలో ఎదురైన ప్రతివాళ్ళనూ నిలదీసేది.

"మా ఇంటాయన కనపడతాండాడా నీకు?"

జాలిపడి అందరూ కనపడతాండాడు అనేవాళ్ళు. యాడ అంటే ఒకరు పైన చూపేవాళ్ళు, ఒకరు కింద. పుల్లయ్య తన ఎద్దు కడుపే చూపించాడు. ఆమెకు కోపం వచ్చింది. "నన్ను ఊరడించేదానికి మీరు ఆయన్ని గోడంతా పరిచినారు గదప్పా. ఒక్క మనిషి అన్ని చోట్ల ఎట్ల ఉంటాడు?" అని దులిపేసింది. ఆ రాత్రి, ఆ మరుసటి రాత్రి ఆమె సరిగా తిన్నట్టు లేదు. నేను సంగటి తీసుకుపోతే చేతిలో పెట్టుకొని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

లాజరు బావ ఒక్కడే ఏమీ అనలేదు. మొదటి ఆదివారం గోడ వైపు ఒక్కసారి చూశాడు. తరువాత నుంచి చాపను కిటికీ పక్కకు జరుపుకొని, ప్రసంగమంతా బయట తుమ్మచెట్టును చూస్తూ కూర్చున్నాడు. విగ్రహాలంటే పడనివాడు గనక రంగులు కూడా గిట్టలేదని మేమంతా అనుకున్నాం.

ఇంతలో హనుమంతమ్మగారి మనవరాలికి అమ్మవారు పోసింది. గోడ సంగతి ఊళ్ళో పాకి ఉంది కదా, ఆమె ఒక సాయంత్రం మా పల్లెలోకి వచ్చి చర్చి వాకిట నిలబడి లోపలికి చూసింది. ఆమెకు ఆ ఎరుపులో పెద్దమ్మ కళ్ళు కనిపించాయట. పిల్ల తేరుకుంది. మరుసటి రోజు పసుపు, కుంకుమ తెచ్చి మా చర్చి గడపకు పూసి, కొబ్బరికాయ కొట్టి, చేతులు జోడించి వెళ్ళింది.

పల్లెలో గగ్గోలు పుట్టింది. మా వాళ్ళలో ఎక్కువమంది ఆమె చేలల్లో కూలికి పోయేవాళ్ళే. ఆమెను ఒక్క మాట అనగలిగే దమ్ము ఎవరికుంది? అనలేని మాటలన్నీ తెచ్చి కృపమణక్క మీద పెట్టారు. సంఘం కూర్చుంది. ఆ గోడకు సున్నం కొట్టాల్సిందే, కృపమణే తన చేత్తో కొట్టాలి, అంతవరకు ఆమెకు రొట్టె, ద్రాక్షరసం అందించే ప్రభువు సంస్కారం లేదు అని తీర్పు చెప్పారు. చెప్పింది లాజరు బావ. పేరులేకుండా వేయమన్నదీ తనే, పేర్లు పెట్టినవాళ్ళు ఊరంతా, తప్పు మాత్రం ఆమెది. నేను లేచి ఆ మాటే అన్నాను. ఆడవాళ్ళు సంఘంలో మాట్లాడేది లేదని నన్ను కూర్చోబెట్టారు. మా ఆయన ఇంటికొచ్చి, బాగా అన్నావులే అని మెల్లగా అన్నాడు. ఆ మాట సంఘంలో అని ఉంటే పనికొచ్చేది.

సంస్కారం పోతుందని కూడా కాదు ఆమె దిగులు. "తెల్లగా అయిపోతే ఇంక యాడ వెతికేది చెల్లే?" అంది.

క్రిస్మసుకు ముందురోజు పొద్దున గాబు నిండా సున్నం కలిపి గుమ్మం దగ్గర పెట్టారు. అక్క ముంత నింపుకొని, కుంచె తీసుకొని గోడ ముందుకు పోయింది. తోడుగా నేను పోయాను. పని జరిగిందో లేదో చూడ్డానికి లాజరు బావ వచ్చి, మా వైపు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

అక్క కుంచె ముంచింది, ఎత్తింది, ఆపింది. సున్నం మోచేతి దాకా కారుతోంది.

"అందరూ చెప్పినారు బావా. నువ్వొక్కడివే చెప్పలే. నీకేం కనపడతాండాది ఈడ?"

"ఏమీ లేదు. నువ్వు కొట్టు."

"ఏమీ లేకపోతే ఇట్ల తిరిగి చూడరాదా?"

లాజరు బావ తిరగలేదు. కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "తమ్ముడుండాడు" అన్నాడు.

"అందరూ అదే మాట" అంది అక్క విసుగ్గా. "ఊరడించేదానికి."

"ఊరడించేదానికి గాదు తల్లీ. మొగం గాదు నాకు కనపడేది. వీపు." అప్పుడు తిరిగాడు. వేలు ఎత్తి చూపించాడు. "ఆ నల్లనిది కంబళి. ఆ పైన ఎర్రగా ఉండేది మెడ. ఎడమకు వంగి ఉండాది చూడు. పోతాండాడు."

ఏసేపు బావ మెడ ఎడమకు వంచి నడిచేవాడు. నేను ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. వేలు వెంట చూసేసరికి, దేవుని తోడు, ఒంటినిండా కంబళి కప్పుకొని పోతున్న మనిషి వీపు అక్కడుంది. అక్క వైపు చూశాను. ఆమెకూ కనిపించింది. కుంచె పట్టిన చెయ్యి కిందికి దిగిపోయింది, నోరు తెరుచుకుంది. ఇన్నాళ్ళుగా ఆమె మొహంలో ఉన్న వెతుకులాట ఒక్కసారి ఆగి, వెంటనే ఇంకొకటేదో మొదలైంది.

"కంబళి" అంది. "ఆ కంబళి నేనే కప్పినా, జ్వరం ఎక్కువైన పొద్దు. నీళ్ళు తెచ్చేలోపల మంచంలో లేడు. మళ్ళీ వచ్చి పడుకొన్యాక యాడికి పోయినావంటే మాట్లాడలే. ఆ పైన లేవనే లేదు గదా. కంబళిలో ఆయన్ని నువ్వు యాడ చూసినావు బావా?"

లాజరు బావ కింద బండల మీద కూర్చుండిపోయాడు.

"బావికాడ కపిల తోలి నీళ్ళు పారించే వంతు నాది ఆ పొద్దు. వాన ఎత్తిపోయి చేను ఎండిపోతాంది, రెండో మనిషి లేక పిలిచినా. జ్వరమన్నాడు. పని ఎగ్గొట్టేదానికి చెప్తాండావంటిని. లేచి వచ్చినాడు. కాసేపు తోలి పడిపోయినాడు. లేపబోతే నా చెయ్యి తోసేసి, కంబళి కప్పుకొని పోయినాడు. ఏసేపూ అని పిలిస్తి. వెనక్కి తిరగలే." మళ్ళీ గోడ వైపు చూశాడు. "ప్రతి ఆదివారం నా ఎదురుగా అట్ల పోతానే ఉండాడు. నేను యాడ కూర్చొని ప్రార్థన చేసేది?"

అక్క కొడుతుందని అనుకున్నాను. కొట్టినా నేను అడ్డుపడేదాన్ని కాదు, నిజం చెబుతున్నాను. ఆ చెయ్యి లేచింది కూడా. లేచిన చేత్తోనే సున్నపు కుంచె ఆయన చేతిలో పెట్టింది.

"కొట్టమని చెప్పినోడివి నువ్వే గదా. నువ్వే కొట్టు."

చెప్పి, పక్కకు జరిగి నిలబడింది. లాజరు బావ చాలాసేపటికి లేచాడు. ఎడమ చివరనుంచి మొదలుపెట్టాడు. పుల్లయ్య ఎద్దు పోయింది, గురమ్మ తల్లి పోయింది, నా తుంగభద్ర పోయింది. తరువాత కుడి చివర. తరువాత పైన, స్టూలు ఎక్కి. సున్నం మొహం మీద కారుతుంటే తుడుచుకోలేదు. చివరికి మధ్యలో ఒక మనిషంత మేర మిగిలింది. కుంచె ముంచి దాని ముందు నిలబడ్డాడు. కుంచెనుంచి చుక్కలు బండల మీద పడుతూ పడుతూ ఆగిపోయాయి. మళ్ళీ ముంచాడు, మళ్ళీ నిలబడ్డాడు. ఆ తరువాత కుంచెను ముంతలో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు జ్ఞానరాజుగారు వచ్చి గోడను చూసి, మధ్యలో అట్లా వదిలేశారేమని అడిగారు. ఆడపక్క అందరూ అక్క వైపు చూశారు. మగపక్కనుంచి లాజరు బావ లేచి నిలబడ్డాడు.

"సున్నం చాలలేదయ్యగారూ" అన్నాడు.

గుమ్మం పక్కన గాబులో సున్నం సగానికి పైగానే ఉంది. లోపలికి వచ్చేటప్పుడు అందరం దాన్ని దాటుకొనే వచ్చాం. జ్ఞానరాజుగారు కూడా దాని పక్కనే చెప్పులు విప్పారు. అబద్ధమనే మాట ఎరగని మనిషి, దేవుని ఎదుట, పండుగనాడు అన్న ఆ మాటకు ఎవరూ కిమ్మనలేదు. ఆ రోజు అక్కకు సంస్కారం ఇచ్చారు.

ఆమె లాజరు బావతో మళ్ళీ మాట్లాడలేదు. ఆయన ఇంటి గడప తొక్కలేదు. ఆయన మాత్రం కిటికీ వైపు జరగడం మానుకొని, పోయేదాకా మగవాళ్ళ మొదటి వరసలోనే కూర్చున్నాడు, తల ఎత్తి చూస్తూ. ఏటా సున్నం కొట్టే ఆడవాళ్ళు ఆ మేరను ముట్టుకోకుండా చుట్టూ కొట్టేవాళ్ళు. ఎందుకని కొత్త కోడళ్ళు అడిగితే, అట్లే వస్తాండాదిలే అనేవాళ్ళు.

చాలా ఏళ్ళ తరువాత, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, ఆమెకు మోకాళ్ళు పట్టేసి నడవలేకుండా అయింది. అయినా నా భుజం ఆసరా చేసుకొని ప్రతి ఆదివారం వచ్చేది. ఆ వారం వాన పడుతోంది. "ఈ వారానికి ఇంట్లోనే ప్రార్థన చేసుకో అక్కా, ఆ గోడ యాడికీ పోదు" అన్నాను కాస్త చిరాగ్గానే. పాపం, లాజరు బావ ఆ గోడమీద వెళ్ళిపోతున్న తమ్ముడినే చూస్తూ పోయాడు. ఈమె కూడా అదే చూస్తోందని అన్నేళ్ళూ అనుకున్నాను.

"గోడ పోదులే చెల్లే" అంది, చెప్పులు తొడుక్కుంటూ. "ఆయన ఈ పక్కకు తిరిగేటప్పటికి నేను ఆడ లేకపోతే ఎట్ల?"